నేను నీళ్లు తాగని ఊరు

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సలహాలకని వస్తారు, కాఫీ తాగి పోతారు. వాళ్ల చేతుల్లో రంగురంగుల నీళ్ల సీసాలు చూస్తే నాకు నవ్వొస్తుంది. గంటకో గుక్క తాగాలట, ఒంటికి మంచిదట. నేను కూడా ఏళ్ల తరబడి సంచిలో నీళ్ల సీసా మోశాను. ఒంటికి మంచిదని కాదు. నేను పనిచేసిన ఊళ్లో ఎవరింట్లోనూ నీళ్లు తాగకూడదు గనుక.

ఆ సంగతి నాకు చెప్పింది నాకంటే ముందు అక్కడ పనిచేసిన టీచరు. బదిలీ మీద పోతూ బీరువా తాళం, గంట, రెండు కుర్చీలు అప్పజెప్పింది. గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఈ ఊర్లో ఎవురన్నా నీళ్లిస్తే తీసుకోవాక మ్మా. దప్పికైతే ఓర్చుకో. బస్సెక్కినాక తాగు."

ఇదేదో మడీ ఆచారాల గొడవ అనుకున్నాను. కాదు. సింహాద్రిపురం చేరకముందే వచ్చే ఆ పల్లెలో రెండు వీధులు. పైవీధి, కిందివీధి. పైవీధి పెద్దాయనది ఒక పార్టీ, కిందివీధి పెద్దాయనది ఇంకో పార్టీ. ఇద్దరికీ భూములున్నాయి, చీనీ తోటలున్నాయి, వెంట నడిచే మనుషులున్నారు. వాళ్ల తండ్రుల కాలం నుంచి పగ. ఒక వీధి మగవాళ్లు ఇంకో వీధిలో అడుగు పెట్టరు. బయటి మనిషి ఎవరైనా ఊళ్లోకి వస్తే మొదట ఎవరింట్లో నీళ్లు తాగుతారో చూస్తారు. తాగిన ఇల్లే వాళ్ల పక్షం. ఆ ఇంటికి ఎదురుగా ఇంక సాక్ష్యం చెప్పరని, ఆ ఇంటి మాట కాదనరని లెక్క. పోలీసైనా, కరెంటు లైన్‌మనైనా, టీచరైనా అంతే.

ఇంత చిన్న ఊళ్లో బళ్లు కూడా రెండు. ఒక పార్టీ ప్రభుత్వం ఉన్నప్పుడు పైవీధి పెద్దాయన తన వీధికి బడి తెచ్చుకున్నాడు. అది దిగిపోయి ఇంకోటి వచ్చాక కిందివీధి పెద్దాయన తన వీధికి తెచ్చుకున్నాడు. రెండూ ఒక్క గది బళ్లే, రెంటికీ ఒక్కో టీచరే. ఊళ్లో ఏదన్నా జరిగితే పోలీసులు వచ్చి దిగేది మా బళ్లలోనే. వాళ్లున్నన్నాళ్లు మాకు సెలవు. అట్లాంటి సెలవుల్లో కొన్ని కుటుంబాలు పిల్లల్ని తీసుకుని జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో పోయేవి. మళ్లీ వచ్చేవి కావు.

నాది కిందివీధి బడి. పైవీధి బడి అయివారు వయసులో నాకంటే బాగా పెద్ద, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఇద్దరిదీ ప్రొద్దుటూరే. పొద్దున పులివెందుల బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. వాళ్లావిడ బొరుగులు, అంటే మరమరాలు, తిరగవాత వేసి కట్టిచ్చేది. మా ఇంటి నుంచి నేను చట్నీ తెచ్చేదాన్ని. ఆయన తినేవాడు తక్కువ, మాట్లాడేవాడు ఎక్కువ. ఊరికి ముందు స్టేజీ రాగానే మాత్రం మాట మధ్యలో ఆపి, సంచి తీసుకుని వెనక సీట్లోకి వెళ్లిపోయేవాడు. దిగాక నా మొహం చూడకుండా పైవీధి దారి పట్టేవాడు. నేను కిందివీధికి దిగేదాన్ని. సాయంత్రం బస్సు ఊరు దాటగానే మళ్లీ వచ్చి పక్కన కూర్చుని, పొద్దున ఆపిన మాట అక్కడి నుంచే ఎత్తుకునేవాడు.

"సిగ్గుగా ఉంది మ్మా, దొంగల మాదిరి బతుకుతాండాం" అనేవాడు ఒక్కోసారి.

"దొంగలకు ఇంత భయం ఉండదు సార్" అనేదాన్ని.

నా క్లాసులో ఒక పిల్ల ఉండేది. జీవాలు మేపే ఇంటి పిల్ల. వాళ్ల నాయన గొర్రెలు కిందివీధి పెద్దాయన చేలల్లో మేసేవి, వాళ్లమ్మ ఆయన చేలల్లోనే కూలికి పోయేది. ఆ పిల్లకు లెక్కలంటే పిచ్చి. నేను బోర్డు మీద లెక్క పూర్తి చేయకముందే జవాబు చెప్పి, తప్పయితే తానే నవ్వేది. ఐదో తరగతి అయ్యాక పిల్లను హైస్కూలుకు, అక్కడి హాస్టలుకు పంపుతానని వాళ్లమ్మ మాటిచ్చింది. వాళ్ల ఇళ్లలో అంతవరకు హైస్కూలు మొహం చూసిన ఆడపిల్ల లేదు. ఆ ఏడు నా ఆశంతా ఆ పిల్ల మీదే ఉండింది, దాచుకునేదేముంది.

సరిగ్గా ఆ ఏడే ఆర్డరు వచ్చింది. కిలోమీటరు లోపల రెండు బళ్లుండి పిల్లలు తక్కువుంటే ఒకటిగా కలపాలి. కలిపితే కొత్త గది ఇస్తారు, ఇద్దరు టీచర్లనూ ఉంచుతారు. కలపకపోతే గదీ లేదు, మరమ్మతుకు డబ్బూ లేదు. మా కిందివీధి బడి పైకప్పు పెచ్చులూడి, వాన వస్తే పిల్లల్ని గోడవారకు జరిపి పాఠం చెప్పే స్థితిలో ఉంది.

మీరు ఇప్పుడు ప్రభుత్వాన్ని తిట్టబోతారు. ఆగండి. ఆ ఆర్డరు తప్పని నేను ఈ రోజుకీ అనను. ఒక్క టీచరు ఐదు తరగతులకు చెప్పే చదువు చదువే కాదు. ఒకటో తరగతికి అచ్చులు దిద్దబెట్టి, నాలుగో తరగతి వైపు తిరిగేసరికి గంట కొట్టేస్తుంది. ఇద్దరం కలిస్తే ఎంత చెప్పొచ్చో మాకు తెలుసు. ఆర్డరు రాసినాయన రెండు బళ్ల మధ్య దూరం సరిగ్గానే కొలిచాడు. ఆ మధ్యలో ఉన్న వీధిని ఎవరు దాటతారన్నది ఆయన కొలతల్లో లేదు, అంతే.

పైవీధి బడికి పిల్లల్ని పంపమని కిందివీధిలో అడిగితే తల్లులు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అయివారికి ఆ వీధిలోనూ అదే మర్యాద జరిగింది. ఆ సాయంత్రం బస్సులో ముద్దనూరు దగ్గర పడుతుండగా ఆయన అన్నాడు:

"మనం దినామూ దిగే తావు ఎవురిదమ్మా?"

రోడ్డు పక్కన బస్టాపు. మూడు గోడలు, పైన కప్పు, కూర్చోవడానికీ కిందా నల్లటి కడప బండలు. రోడ్ల శాఖవాళ్లు కట్టింది. రెండు వీధులవాళ్లూ బస్సెక్కేది అక్కడే. ఒకరిని చూస్తే ఒకరు ఎడంగా నిలబడతారు గానీ, ఆ చోటు మాది అని ఎవరూ అనలేదు. వెనక కాస్త ప్రభుత్వ స్థలం కూడా ఉంది. గది కట్టాలంటే అంతకంటే మంచి చోటు లేదు.

గది వచ్చేదాకా ఆ బస్టాపులోనే రెండు బళ్లూ కలిపి నడుపుతామని ఎవరి వీధి పెద్దాయనను వాళ్లం అడిగాం. కిందివీధి పెద్దాయన అరుగు మీద కూర్చుని శనగలు ఒలుచుకుంటూ విన్నాడు.

"బస్టాపులో బడా? బస్సులో పోయేటోళ్లు నవ్వుతారు గదమ్మా."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు లేప్పా. మీ పిల్లలు నేర్చుకుంటారు."

"మా పిల్లోల్లు ఒగ పక్క, వాళ్లు ఒగ పక్క కూచోవల్ల."

"తరగతుల ప్రకారం కూర్చోబెడతాను. వీధుల ప్రకారం కూర్చోబెట్టడం నాకు ట్రైనింగులో నేర్పలా."

ఆయన నవ్వాడో కోప్పడ్డాడో తెలియలేదు. శనగలు నోట్లో వేసుకుని "కానీ పో" అన్నాడు. పైవీధిలో అయివారు ఇంతకంటే వినయంగానే అడిగుంటాడు. అక్కడా ఒప్పుకున్నారు.

అట్లా బస్టాపులో బడి మొదలైంది. చిన్న తరగతులు ఆయనకు, పెద్ద తరగతులు నాకు. నల్లబండలే మా బోర్డులు. పిల్లలు నేల మీదే సుద్దముక్కతో లెక్కలు చేసి, చేత్తో తుడిచి, ఆ చేతులు మొహానికి రాసుకునేవాళ్లు. బస్సు వస్తే హారన్ ఆగేదాకా పాఠం ఆపేవాళ్లం. కొందరు డ్రైవర్లు హారన్ కొట్టడం మానేశారు. ఒక కండక్టరు దిగివచ్చి మా చిన్నవాళ్ల చేత పద్యం చెప్పించుకునిగానీ రైట్ చెప్పేవాడు కాదు. బస్సులో వాళ్లు కిటికీల్లోంచి తిట్టేవాళ్లు, ఆయన పట్టించుకునేవాడు కాదు.

నీళ్లకు రెండు కడవలు పెట్టాం, వీధికొకటి. మొదట్లో పిల్లలు ఎవరి కడవలో వాళ్లే ముంచుకున్నారు. తర్వాత ఆటల మధ్య పరిగెత్తుకొచ్చి, ఏది దగ్గరుంటే దాంట్లో ముంచుకోవడం మొదలుపెట్టారు. మేమిద్దరం చూసీ చూడనట్టున్నాం. ఒకరోజు నా లెక్కల పిల్ల వచ్చి నా చెవిలో చెప్పింది.

"టీచరమ్మా, నేను రెండు కడవల్లో తాగినా. రెండూ ఉప్పునీళ్లే."

ఇంట్లో చెప్పొద్దన్నాను. "చెప్తానా ఏంది" అని నన్నే కసిరింది. నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా టీచరుగా పనిచేసిన కాలం ఏదంటే అదే. పొద్దున లేస్తే బడికి పోవాలని నాకే తొందరగా ఉండేది.

గది కోసం కాగితాలు పెట్టుకున్నాం. కడపలో కొత్తగా వచ్చిన విద్యాశాఖ ఆఫీసరు కోస్తా వైపు మనిషి, చదువుకున్నవాడు, మంచివాడు. అందరూ నవ్వితే ఆయన నవ్వలేదు. "నేనే వచ్చి చూస్తానండి. రెండు వీధుల పిల్లలూ ఒక్కచోట కూర్చుని కనపడితే ఆ స్థలంలోనే గదికి రాస్తాను" అన్నాడు. లేకపోతే ఆర్డరు ప్రకారం గట్టి కప్పున్న పైవీధి బడిలోనే కలిపేయాలి. అది కూడా దాచకుండా చెప్పాడు.

ఆయన వచ్చే రోజు ముందు మా ఇద్దరికీ ఒకటే దిగులు. నీళ్ల సంగతి ఆయనకు చెప్పాలి. కానీ ఎట్లా చెప్పాలి? పై ఆఫీసరుతో, ఊళ్లో ఎవరేమిచ్చినా తాగకండి అనడం ఆయనకు బుద్ధి చెప్పినట్టుంటుందని అయివారు భయపడ్డాడు. నాకూ నోరు రాలేదు, మామూలుగా నాకు నోటికి కరువు లేకపోయినా. చివరికి ఒక ఉపాయం పన్నాం. ఆయన పొద్దున జమ్మలమడుగులో తనిఖీ చూసుకుని వస్తాడని కబురు. ఆ దారిలో ఊరి బయట కాలవ మీది మోరీ దగ్గర అయివారు ఎదురు నిలబడాలి. తన ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ అక్కడే ఆయనకు తాగించి, నేరుగా బస్టాపుకు తీసుకురావాలి. దప్పికే లేకపోతే ఎవరింట్లోనూ తాగడు గదా అని మా తెలివి.

ఆ రోజు పిల్లలు తలలు దువ్వుకుని, నూనె కారుతూ వచ్చారు. ఒక్కరు కూడా మానలేదు. అయివారు ఎండలో మోరీ మీద టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడ్డాడు. నేను పెద్ద తరగతికి బండల మీద భాగహారం ఇచ్చి రోడ్డు వైపు చూస్తున్నాను.

ఆఫీసరు జమ్మలమడుగు పోలేదు. ఏదో కారణానికి ముందు వేముల మీదుగా పులివెందుల పోయి, అక్కడి నుంచి వస్తూ డ్రైవరుకు తెలిసిన అడ్డదారి పట్టాడు. ఆ దారి వచ్చి తేలేది పైవీధిలో. పైవీధి పెద్దాయన ఇంటి ముందు జీపు ఆగింది. ఆ ఎండలో పెద్దమనిషి చేతులు జోడించి చెంబు నిండా మజ్జిగ ఇప్పిస్తే ఎవరు వద్దంటారు? ఆయన తాగాడు. ఇంకో గ్లాసు కూడా తాగాడని తర్వాత తెలిసింది.

జీపు బస్టాపుకు రాకముందే కబురు కిందివీధికి చేరింది. ముందు ఒక తల్లి వచ్చింది. కొడుకు చేయి పట్టుకుని లేపింది. తర్వాత ఇంకో ఇద్దరు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఏందమ్మా ఇది? పరీక్ష చేసేదానికి ఆఫీసరు వస్తాండాడు. ఒక్క గంట ఓర్చుకోండి."

"వచ్చినాడు గదా టీచరమ్మా. ఆయప్పోళ్ల ఇంట్లో తాగి గూడా వచ్చినాడు. ఇంగ గది ఎవురికి రాస్తాడో మాకు తెలీదా?"

"ఆయనకు ఈ ఊరు సంగతి తెలీదమ్మా."

"తెలీక తాగినా తాగినట్లే గదా."

నేను పక్కకు జరిగాను. ఆ ఊళ్లో అంతకంటే చిన్నవాటికి మనుషుల ప్రాణాలు పోయాయి. చివరికి నా లెక్కల పిల్ల తల్లి వచ్చింది. ఆమె నా మొహం చూడలేకపోయింది.

"లెయ్ మే. పోదాం."

"ఈ లెక్క అయిపోనీ మా."

ఆమె నిలబడింది. పిల్ల బండ మీద వంగి, పెదాలు కదిలిస్తూ, భాగహారం చివరిదాకా చేసింది. శేషం సున్నా వచ్చింది. దాని కింద గీత గీసి, నన్ను చూసి, లేచి చేతులు పావడాకు తుడుచుకుంది. వాళ్లు రోడ్డు దిగుతుంటే జీపు వచ్చి ఆగింది.

ఆఫీసరు సగం ఖాళీ అయిన బస్టాపును చూశాడు. నేను సంగతి చెప్పాను. చెప్పాల్సిన రోజు నోరు రాలేదు గానీ, అప్పుడు చెప్పగలిగాను.

"ఒక్క గ్లాసు మజ్జిగ గురించా అండీ ఇదంతా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే బాధపడ్డాడు. వెంటనే నన్ను జీపు ఎక్కించుకుని కిందివీధికి పోయాడు. కిందివీధి పెద్దాయన కుర్చీ తుడిపించి వేయించాడు, టెంకాయనీళ్లు ఇప్పించాడు. ఆఫీసరు తాగి గ్లాసు కింద పెట్టాక పెద్దాయన చాలా మర్యాదగా చెప్పాడు.

"మీరు మంచోళ్లు సార్. మా ఇంట్లో గూడా తాగినారు, సంతోషం. కానీ ముందు తాగింది ముందే గదా సార్. మా పిల్లోల్లను పంపిస్తే రేపు మావోళ్లు నన్ను అడగరా?"

ఆయన కూడా భయపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఇంతమందిని వెంట తిప్పుకునే మనిషి ఆ మనుషులకే భయపడాలి. దానికి నాకు జాలి వేయలేదు, ఒళ్లు మండింది. ఏం లాభం?

మోరీ దగ్గర అయివారు మధ్యాహ్నం దాకా నిలబడే ఉన్నాడు. ఎవరూ పోయి చెప్పలేదు ఆయనకు. నేను పోయి చెప్పాక ఆ మజ్జిగ కాలవలో పారబోసి, క్యారియరు కడగకుండానే అక్కడే కూర్చున్నాడు.

మిగతాదంతా ఆర్డరు ప్రకారం జరిగింది. పైవీధి బడిలో కలిపారు. కిందివీధి పిల్లలు రాలేదు గనుక పిల్లలు తక్కువన్నారు. పిల్లలు తక్కువ గనుక ఒక టీచరు ఎక్కువన్నారు. గది డబ్బు వేరే మండలానికి పోయింది. ఏదో ఒక ఊరి పిల్లలకు నీడయ్యే ఉంటుంది, అంతవరకు నాకు సంతోషమే. నన్ను పైవీధి బడిలో ఉంచి, అయివారిని జమ్మలమడుగు వైపు వేశారు. చివరి రోజు బస్సులో ఊరికి ముందు స్టేజీ వచ్చినా ఆయన నా పక్క సీట్లోంచి లేవలేదు. నాతోపాటు దిగి, బస్టాపులో బండ మీద కూర్చుని, అందరూ చూస్తుండగా బొరుగుల గిన్నె మూత తీశాడు.

"తిను మ్మా. ఇంగ నేను ఎవురి పక్షమైతే ఏంది" అన్నాడు. ఇద్దరం తిన్నాం.

లెక్కల పిల్ల గొర్రెల వెంట పోవడం మొదలుపెట్టింది. నేను పొద్దున బస్సు దిగే వేళకు మందను రోడ్డు వారకు తోలుకొచ్చేది. బడి గంట కొట్టే లోపల బస్టాపులో బండల మీద నాలుగు లెక్కలు ఇచ్చేదాన్ని. సాయంత్రం నా బస్సు వచ్చేలోపల దిద్దేదాన్ని. గొర్రెలు లోపలికి వచ్చి సుద్ద నాకేవి. హాస్టలులో చేర్చండని వాళ్లమ్మను బతిమాలాను. "పెద్దాయప్పకు తెల్వకుండా ఎట్ల పంపేది టీచరమ్మా? ఆయన చేలోనే గదా మేం బతుకుతాండాం" అంది. ఎండాకాలం వచ్చి మందలు కొండల వైపు పోయాయి. ఆ పిల్ల మళ్లీ లెక్కలకు రాలేదు. తర్వాత నాకూ బదిలీ అయింది. మరికొన్నాళ్లకు పైవీధి బడిలోనూ పిల్లలు తగ్గారని దాన్ని మూసేశారు.

ఈమధ్య పులివెందులలో పెళ్లికి పోతూ ఆ బస్టాపు దగ్గర కారు ఆపించాను. ఎందుకో ఆగాలనిపించింది. ఊళ్లో గొడవలు సద్దుమణిగి చాలా కాలమైంది. పెద్దాయనలు ఇద్దరూ పోయారు. బస్టాపులో పిల్లలు యూనిఫారాల్లో, బూట్లతో, ప్రైవేటు బడి వ్యాను కోసం నిలబడి ఉన్నారు. రెండు వీధుల పిల్లలూ కలిసే ఉన్నారు. ఎవరు ఏ వీధో నాకు తెలియలేదు, వాళ్లకూ తెలిసినట్టు లేదు. మేం ప్రాణం పెట్టినా చేయలేకపోయింది వ్యాను హారన్ చేసింది.

కూతురికి జడ బిగిస్తున్న ఒక ఆడమనిషి నన్ను తేరిపార చూసింది. "టీచరమ్మా" అంది. మేనమామ కొడుకునే చేసుకుని అదే ఊళ్లో ఉండిపోయిందట. వ్యాను ఫీజు కోసం ప్రతి ఏడూ పొట్టేళ్లు అమ్ముతోందట. నేను చెప్పిన లెక్కలు మాత్రం మరిచిపోలేదట, పొట్టేళ్ల బేరంలో తనను ఎవరూ మోసం చేయలేరట. నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను.

ఎండ మండుతోంది. నా సీసా ఖాళీ అయింది. నోరు తడారిపోయి, ఆ ఊళ్లో మొట్టమొదటిసారి అడిగాను: "కాసిన్ని నీళ్లు ఇస్తావా మ్మా?"

కూతురి సంచిలోంచి సీసా తీసి ఇవ్వబోయి ఆగింది. మా ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది.

"తాగు టీచరమ్మా. ఇప్పుడు ఎవురి నీళ్లు తాగినా ఎవురూ ఏమీ అనుకోరు" అంది. "మాదా మీదా అనుకునేదానికి ఊర్లో బడి యాడుంది?"

తాగాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. వ్యాను వచ్చింది, పిల్లలందరూ ఎక్కారు.